బెంచీ లోపలి గురక

“మదర్‌బోర్డు పోయిందండీ!” అన్నాను నేను, నా మామూలు గొంతుతోనే, అంటే పక్కవీధిలో పడుకున్న కుక్క లేచి కూర్చునే గొంతుతో. అయినా ఎదురుగా ఉన్న అత్తయ్యగారికి అందులో ముందు సగమే అందినట్టుంది. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, నా తలని రెండు చేతులా తన భుజం మీదికి లాక్కుని, “అయ్యో బాబూ, నిన్ననే కదా నాతో నవ్వుతూ మాట్లాడింది!” అని కళ్ళొత్తుకున్నారు. నిన్న నవ్విందా? నిన్న సాయంత్రం తెర మీద ఒకసారి రంగులు వచ్చి పోయిన మాట నిజమే, దాన్ని నవ్వనుకుంటే నవ్వే, మాట్లాడటం అంటే బీప్‌మనడం కాబోలు. పోనీలే, ఒక యంత్రం కోసం కన్నీళ్ళు పెట్టుకునే మనసు, పైగా ఆ యంత్రం పోతే పోయేది ఆవిడ చెవులే కదా. “మీరేం బెంగపడకండి, ప్రాణం నా దగ్గరే ఉంది!” అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పాను. ఆవిడ ఇంకా గట్టిగా ఏడ్చారు. నేను నా ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని నిశ్శబ్దపు గదిలో దూరి తలుపు వేసుకున్నాను.

ఇది మా ఆవిడ సామ్రాజ్యం. చెవుల పరీక్షల క్లినిక్కు, గుమ్మం మీద బోర్డు, ముందు జనం కూర్చునే గది, గోడకి ఇవతల ఆవిడ బల్ల, బల్ల పక్కన గాజు కిటికీ ఉన్న ఈ చిన్న గది. గోడలకి చెవులుంటాయంటారు, ఈ గదిలో గోడలకి నోరు లేదు, అంతే తేడా, మెత్తటి నురగ పలకలు అతికించారు, ఏ చప్పుడైనా వెళ్ళి అందులో కూరుకుపోవడమే. నేను ఇక్కడ జోకు వేస్తే అది నాకే జోకొడుతుంది. అయినా మా ఆవిడ నన్ను కావాలనే ఇక్కడ పడేసింది, “మీరు పని చేస్తూ మాట్లాడతారు, మాట్లాడటం కోసం పని చేస్తారు, బయట కూర్చుంటే నా పేషెంట్లకి ఉన్న కాస్త చెవీ పోతుంది, ఏం చేసినా ఆ గాజు వెనక చేయండి” అని. విననివాళ్ళకి వినిపించడం ఆవిడ వృత్తి, విననట్టుండే నాకు వినిపించడం ప్రవృత్తి. ఇప్పుడు ఇక్కడ లేదు, మా అమ్మాయిని, అమ్మాయి ఎత్తుకున్న కొత్త మనిషిని, వాళ్ళిద్దరి మీదా పెత్తనం చేస్తున్న మా అమ్మని కారులో తీసుకురావడానికి వెళ్ళింది. ఐదింటికి వచ్చేస్తారు. కొత్త మనిషి అంటే మా మనవరాలు, పేరింకా పెట్టలేదు, అందరూ ముద్దుగా బుడంకాయ అంటున్నారు. అత్తయ్యగారికి ముని మనవరాలు. ఆవిడ ఆ పిల్లని చూశారు, ఎత్తుకున్నారు, వాసన చూశారు. వినలేదు. “నోరు తెరుస్తుంది, మూస్తుంది, నాకు బొమ్మ కనబడుతోంది, పాట రావట్లేదు” అన్నారు మొన్న, అని నవ్వారు కూడా, ఆ నవ్వు చూశాక నాకు అన్నం సహించలేదు. రెండు ముద్దలు తక్కువ తిన్నాను, నాకది నిరాహార దీక్ష కిందే లెక్క.

తెర నల్లగా ఉంది. పైన మూలన ఒకే వాక్యం, మొదలుపెట్టడానికి నాకేమీ దొరకలేదు అని, దాని కింద కర్సరు కన్నుకొడుతోంది. ఏం కొడుతున్నావే కన్ను, నీకేం తెలుసు, నువ్వు మొదలుపెట్టవలసింది ఒక కంప్యూటరుని కాదు, ఒక కుటుంబాన్ని. అత్తయ్యగారి చెవి మిషను తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాని ప్రోగ్రాము ఆ పాత కంప్యూటరులో తప్ప ఇంకెక్కడా ఎక్కదు. పిల్ల పుట్టిన రోజునే ఆ మిషను చెడింది, బాగుచేసినవాడు బాగానే చేశాడు, చేసి లోపలి లెక్కలన్నీ శుభ్రంగా తుడిచి ఇచ్చాడు, ఇప్పుడది పెట్టుకుంటే ఈలలే వినబడతాయట, చెవిలో సినిమా హాలున్నట్టు. కొత్తది కొందామంటే ఒప్పుకోరు, “కొత్త కోడలినైనా దారికి తెచ్చుకోవచ్చు గానీ కొత్త చెవిని తెచ్చుకోలేను” అంటారు. ఆవిడ మాటలో నిజముంది. ఆ లెక్కలు అంకెలు కావు. ఏడాదికోసారి తల్లీ కూతుళ్ళిద్దరూ ఈ గదిలో కూర్చుని, అమ్మా చెంచా కింద పడితే ఎలా ఉంది, గుచ్చుకుంటోందే, సరే తగ్గిస్తున్నా, వాన ఎలా ఉంది, వేయించినట్టు ఉంది, కాస్త మెత్తన చెయ్యి, పిల్లల గొంతు పెంచు, మీ ఆయన గొంతు ఒక మెట్టు దించు, ఇంకో మెట్టు, ఇంకో మెట్టు. నా ఒక్కడి కోసం అందులో ప్రత్యేకంగా ఒక మీట ఉంది! ప్రపంచంలో ఏ అల్లుడికైనా ఇంత గౌరవం జరిగిందా? ఆ చెవిలో మా ఇల్లంతా ఉంది. ఆ చెవి పాత కంప్యూటరులో ఉంది. పాత కంప్యూటరు వారం నుంచి దగ్గుతోంది, చెవి లెక్కలు ఎక్కిద్దామని మా ఆవిడ ఎన్నిసార్లు మొదలుపెట్టినా మధ్యలో ఆగిపోయింది. అందుకే నేను రంగంలోకి దిగాను. శరీరం పోయేలోగా ప్రాణాన్ని కాపీ తీసి నా ల్యాప్‌టాప్‌లో ఒక ఉత్తుత్తి కంప్యూటరులోకి ఎక్కించడం, పరకాయ ప్రవేశం అన్నమాట, దీన్నే వర్చువల్ మిషన్ అంటారు. అదేమిట్రా అని అమ్మ అడిగితే చెప్పాను, ‘వచ్చు’ అని మొదలుపెట్టి ‘నా వల్ల’ కాదని ముగించేదే వర్చువల్ అని. అమ్మ నవ్వలేదు. ఈరోజు మధ్యాహ్నం పాత కంప్యూటరు టప్‌మంది, పొగ వదిలింది, పోయింది. ప్రాణం నా దగ్గర ఉంది. లేవట్లేదు.

సరే, మళ్ళీ చూద్దాం. ప్రాణం కొత్త ఒంట్లోకి వచ్చి కళ్ళు తెరిచేసరికి కాళ్ళూ చేతులూ కొత్తవి, గుర్తుపట్టలేక బిగుసుకుపోతుంది, ఇది మామూలే. కాబట్టి కొత్త ఒళ్ళు పాత ఒళ్ళులా కనబడాలి. ఉత్తుత్తి డిస్కు తగిలించిన తీగ పాతకాలం రకం అని పెట్టాను, కన్నుకొట్టింది. కొత్తకాలం రకం అని పెట్టాను, కన్నుకొట్టింది. ఇంకా కొత్త రకం, అదే కన్ను, అదే కొట్టుడు. లేపే పద్ధతి మార్చాను, పాత పద్ధతిలో లేపాను, కొత్త పద్ధతిలో లేపాను, బతిమాలాను, తిట్టాను, ఈ గదిలో తిట్టు కూడా దూదిలా పడుతుంది, తిట్టినట్టే ఉండదు. మరీ ఇంత బూటకమా, బూట్ అవ్వమంటే! చూశావా, ఇంత మంచి మాట వచ్చింది, వినేవాడు లేడు. ఎవరైనా వచ్చి వినకూడదా, అనుకుంటూ ఉండగానే తలుపు తెరుచుకుని పక్క షాపు కళ్ళజోళ్ళాయన లోపలికి వచ్చాడు. మేము చెవులు, ఆయన కళ్ళు, మధ్యలో ముక్కులా ఒక గోడ. పాపం, చెమ్మగా ఉన్నాయి ఆయన కళ్ళు. నా చేతులు పట్టుకున్నాడు.

“ఇప్పుడే తెలిసింది గురువుగారూ. ఎలా జరిగింది?”

“ఏముందండీ, వయసు అయిపోయింది. వారం నుంచి దగ్గుతోంది. మధ్యాహ్నం టప్‌మని చప్పుడు, కాస్త పొగ, అంతే.”

“పొగా!”

“కొద్దిగానే లెండి. కిటికీ తెరిస్తే పోయింది.”

“మరి... ఇప్పుడు... ఎక్కడ?”

“అదిగో, బల్ల కింద పెట్టాను. రేపు పాత సామాన్లవాడు వస్తాడు కదా, తూకానికి ఇచ్చేద్దామని. ఇంట్లో ఉంచుకుని ఏం చేసుకుంటాం, దుమ్ము.”

“బల్ల... కింద...”

“స్క్రూలు మాత్రం తీసి పెట్టుకుంటాను. మంచివి.”

కళ్ళజోళ్ళాయన నా చేతులు వదిలేసి, వెనక్కి వెనక్కి నడిచి, తలుపుకి వీపు తగిలించుకుని బయటపడ్డాడు. సున్నితమైన మనిషి. ఒక కంప్యూటరు మీద వీధి వీధంతటికీ ఇంత అభిమానం ఉందని నాకు తెలియదు. గాజులోంచి చూస్తున్నాను, ముందు గది నిండిపోయింది, పై అంతస్తు టైలరమ్మ మెడలో టేపుతోనే వచ్చింది, మిగతావాళ్ళు మా ఆవిడ పేషెంట్లు, పెదవులు కదులుతున్నాయి, చేతులు కదులుతున్నాయి, మాట లేదు, మూగిన మూక, మూగ మూక. ఆహా. రాసుకోవాలి. అందరూ అత్తయ్యగారి చుట్టూ చేరి ఆవిడ భుజం తడుతున్నారు. ఆవిడ మాత్రం కదలకుండా తన మూల సీటులో కూర్చున్నారు. ఆ బెంచీ గోడ పొడుగునా ఉంది, మెత్త వేసిన చెక్క పెట్టెలాంటి బెంచీ, ఎంత చోటున్నా అందరికీ ఆ మూలే కావాలి, పేషెంట్లు ఆ మూల కోసం దెబ్బలాడుకుంటారు, అత్తయ్యగారు వస్తే మాత్రం లేచి ఇస్తారు, పెద్దరికం.

ఆవిడ మెడ తిప్పి నన్ను చూస్తున్నారు గాజులోంచి. చెయ్యి ఊపాను. ఆవిడ మళ్ళీ కొంగు కళ్ళకి అద్దుకున్నారు. ఈవిడని మొదటిసారి చూసినరోజు గుర్తొస్తోంది, పెళ్ళి మాటలకి వెళ్ళాను, అప్పటికి నాకు ఇంత పొట్ట లేదు, గొంతు మాత్రం ఇంతే. మా వాళ్ళంతా నన్ను నెమ్మదిగా మాట్లాడు, సంబంధం చెడుతుంది అని దారి పొడుగునా కాల్చుకు తిన్నారు. లోపలికి వెళ్ళీ వెళ్ళగానే మర్చిపోయి నమస్కారమండీ అన్నాను, గోడ మీది కాలెండరు కదిలింది. మామగారు ఉలిక్కిపడ్డారు. అత్తయ్యగారి మొహం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగింది, “ఈ అబ్బాయే, ఇంక వెతకొద్దు” అన్నారు. నా అందమో, ఉద్యోగమో అనుకున్నాను చాలా ఏళ్ళు. తర్వాత తెలిసింది, అప్పటికే ఆవిడకి చెవులు సన్నగిల్లాయి, ఎవరికీ చెప్పలేదు, ఇంటికి వచ్చిన అబ్బాయిల్లో ఒక్క నా మాటే ఆవిడకి పూర్తిగా వినబడింది. పాటంటే చెవి కోసుకునే మనిషి, ఆ కోసుకున్న చెవే ముందు పోయింది. అప్పటి నుంచి నేను అరుస్తూనే ఉన్నాను, జనం నన్ను మైకు అంటారు, అననీ, అందులో సగం అరుపు ఆవిడ కోసమే, మిగతా సగం అలవాటు. ఇప్పుడు ఆ అరుపు కూడా ఆవిడని చేరట్లేదు. ముందు సగం చేరి, వెనక సగం దారిలో పడిపోతోంది.

కన్నుకొట్టకే. ఆలోచించనీ. ఏమీ దొరకలేదు అంటోంది, అంటే వెతికింది, వెతికిన చోట లేదు. లేపేవాడు లేడు. ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు సరే, అందరికన్నా ముందు లేచి మిగతావాళ్ళని లేపేవాడొకడు ఉంటాడే, మా ఇంట్లో అమ్మలాగ, వాడేడీ? కాపీ తీసినప్పుడు ఏమేం తీశాను? పెద్ద డిస్కు, మొత్తం, పొల్లుపోకుండా. ఇంకా? ఇంకేదో ఉంది. వరసలో కింద ఇంకో చిన్నది కనబడింది, పెద్దదానికి పేరు ముందు ‘సి’ అని అక్షరం ఉంది, దీనికి అక్షరం లేదు, ఇంతే ఉంది సైజు, అక్షరం ముక్క లేనివాడు, వీడికెందుకులే కాపీ అని టిక్కు తీసేశాను. అయ్యో నా బుద్ధి! ఇంటిల్లిపాదినీ లేపేది ఆ అక్షరం లేని చిన్నవాడే అయితే? పాత యజమాని ముందు చిన్న డిస్కుతో మొదలుపెట్టి, తర్వాత పెద్దది తగిలించి ఉంటాడు, సంసారమంతా పెద్దదాంట్లోకి మారింది, తాళంచెవి మాత్రం చిన్నదాని దగ్గరే ఉండిపోయింది. సరే, ఇంతకీ ఆ చిన్నది ఎక్కడ? మధ్యాహ్నం పొగ వచ్చాక పెట్టె విప్పాను, లోపల ఉన్నది ఒకటే డిస్కు, పెద్దది. రెండోది లేదు. కనబడింది, కానీ లేదు. వెనకాల ఒక తీగ మాత్రం నేల అంచున పాకి గోడ బెజ్జంలోకి పోయింది, పాత ఫోను తీగేమో అనుకుని ఊడబీకాను. ఫోను తీగ అంత లావుంటుందా?

ఈ క్లినిక్కు మా ఆవిడ ఒక ముసలి డాక్టరు దగ్గర కొంది, కంప్యూటరుతో, బెంచీతో, గోడలతో సహా. నిశ్శబ్దం పిచ్చి ఆయనకి. చెవులు పరీక్ష చేసేవాడికి ఉండాల్సిందే, కానీ ఆయనది ముదిరిన పిచ్చి, కుర్చీ కాళ్ళకి ఉన్ని తొడుగులు కుట్టించాడు, గోడ గడియారాన్ని వీధి వరండాలోకి తోలేశాడు, తలుపుల బందులకి నూనె పోసి పోసి అవి ఇప్పటికీ జారుతుంటాయి. గుయ్‌మనేది ఏదీ ఇవతల ఉండకూడదు, గోడకి అవతల ఉండాలి. పాత డిస్కులు గుయ్‌మంటాయి. గోడకి అవతల ఏముంది? ముందు గది. ముందు గదిలో గోడని ఆనుకుని ఏముంది? బెంచీ. మా అత్తయ్యగారు వచ్చినప్పుడల్లా ఆ మూల కూర్చుని, నడుము వాల్చి, కళ్ళు మూసుకుని అనే మాట ఏమిటి? “ఇక్కడ వెచ్చగా ఉంటుందే. లోపల పిల్లి గురక పెడుతున్నట్టు సన్నగా అదురుతుంటుంది. నా నడుముకి మందు.” మేమందరం నవ్వేవాళ్ళం, పెద్దావిడ, ఏదో ఊహ. చెవులున్న మాకు వినబడలేదు, ఉన్ని చుట్టి ఉంటాడు మహానుభావుడు. చెవుల్లేనివాళ్ళకి వీపుతో వినబడింది! అందుకే పేషెంట్లు ఆ మూల కోసం దెబ్బలాడుకునేది! కంప్యూటరు చచ్చినా అది వేరే ప్లగ్గు మీద బతికే ఉంది, ఇప్పుడు కూడా, ఈ క్షణం కూడా, ఆవిడ కింద కూర్చుని గుర్రుపెడుతోంది, గుర్రుపెట్టేవాడే నా గురువు!

తలుపు తోసుకుని బయటికి పరుగెత్తాను. నిశ్శబ్దంలోంచి వచ్చిన నా గొంతు నాకే పిడుగులా వినబడింది, “లేవండత్తయ్యగారూ, లేవండి!” ఆవిడ లేవలేదు, జాలిగా చేతులు చాచారు. రెండు భుజాల కింద చేతులు వేసి ఎత్తి పక్కన కూర్చోబెట్టాను. ఎవరో అన్నారు, పాపం దిగులుతో మతి చలించిందని. బెంచీ మెత్త లాగి విసిరాను, పలక ఎత్తాను, లోపల, ఉన్ని గుడ్డల పొత్తిళ్ళలో, చిన్న నల్లపెట్టె, వెచ్చగా, చేతిలోకి తీసుకుంటే గుయ్ గుయ్‌మంటూ, అచ్చం మా బుడంకాయలా. పొదివి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. టైలరమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. కళ్ళజోళ్ళాయన దారి ఇచ్చాడు, ఇచ్చేటప్పుడు బల్ల కిందికి చూడకుండా మొహం తిప్పుకున్నాడు.

మళ్ళీ నిశ్శబ్దపు గది. పెట్టె తీగని ల్యాప్‌టాప్‌కి తగిలించాను, చిన్నవాడు కదా, కాఫీ తాగేలోపే కాపీ అయిపోయాడు. ఉత్తుత్తి కంప్యూటరుకి వాణ్ణి మొదటి డిస్కుగా పెట్టాను, పెద్దవాణ్ణి వెనక నిలబెట్టాను, లేపాను. కన్ను కొట్టలేదు! కర్సరు పోయింది, కిందనుంచి ఒక గీత పాకింది, పాకింది, ఠక్కున తెరంతా నీలం. లేవబోయి పడింది. ఈ నీలం చూస్తే లోకంలో అందరూ తల పట్టుకుంటారు, నేను లేచి గంతేశాను, పడిందంటే లేచిందన్నమాటే కదా, లేవనిదే ఎవరూ పడరు! కాళ్ళు గుర్తుపట్టలేదు, అంతే, ఇందాక కంగారులో తీగ రకం కొత్తదని పెట్టి వదిలేశాను. పాత రకానికి తిప్పాను. లేపాను. గీత పాకింది. పాకుతూనే ఉంది. ఊపిరి బిగపట్టాను, ఈ గదిలో ఊపిరి బిగపడితే గుండె చప్పుడు వినబడుతుంది, నాలో ఇంత నెమ్మదైన చప్పుడు ఒకటుందని నాకు తెలియదు. తెర మీద పచ్చటి కొండ, దాని మీద మా ఆవిడ చిహ్నాలు, పాత కంప్యూటరు, పాత మొహం, ఏమీ జరగనట్టు, చిన్న కునుకు తీసి లేచినట్టు. ప్రోగ్రాము నొక్కాను, తెరుచుకుంది. అత్తయ్యగారి పేజీ. చెంచా, వాన, పిల్లల గొంతు, అల్లుడి మీట, అన్నీ ఉన్నాయి. పక్కనే పెట్టుకున్న ఆవిడ చెవి మిషను అందుకుని తీగ తగిలించి ‘పంపు’ నొక్కాను. వెళ్ళాయి. మధ్యలో ఆగలేదు.

బయటికి వచ్చి, ఏడుస్తున్న ఆవిడ జుట్టు పక్కకి తీసి, మిషను చెవికి పెట్టాను. మాట్లాడలేదు. నా జీవితంలో నేను కావాలని మాట్లాడకుండా ఉన్న క్షణం అదే, ఎందుకంటే సరిగ్గా అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది, నూనె తాగిన బందులు చప్పుడు చేయలేదు, మా ఆవిడ, వెనక మా అమ్మాయి, ముందు బుడంకాయని ఎత్తుకుని మా అమ్మ. కళ్ళజోళ్ళాయన కెవ్వుమని ఒక కేక పెట్టాడు. ఆ కేకకి బుడంకాయ లేచింది. లేచి ఒళ్ళంతా నోరు చేసుకుని, కేర్‌మంది.

అత్తయ్యగారి తల తిరిగింది. ఎవరూ చూపించలేదు, ఎవరూ వేలు పెట్టలేదు, తల దానంతట అదే ఆ ఏడుపు వైపు తిరిగింది, పువ్వు తిరిగినట్టు. మా అమ్మాయి కంగారుగా పిల్లని అందుకుని జోకొట్టబోయింది.

“ఊరుకోబెట్టకమ్మా” అన్నారు అత్తయ్యగారు. “ఇంకాస్త ఏడవనివ్వండి.”

అందరం నిలబడి విన్నాం, ఒక పసిపిల్ల ఏడుపుని కచేరీలా. గుమ్మం మీద బోర్డులో కేర్ అని ఇన్నాళ్ళూ రాసి ఉంది, కూసింది ఇవాళే. పిల్ల కచేరీ ముగించి గుప్పిట చీకడం మొదలుపెట్టాక, అత్తయ్యగారు తృప్తిగా తలెత్తి, ఎదురుగా నిలబడ్డ మా అమ్మని చూసి, నోరు తెరిచారు.

“వదినగారూ! మీరు పోయారు కదా!”

“నేనెక్కడికి పోయానండీ, పిల్లకి పాలపీక కోసం వెనక వీధికి పోయాను, వచ్చాను” అంది అమ్మ. తర్వాత గది చుట్టూ చూసింది, తడి కళ్ళు, టైలరమ్మ చేతిలో ముద్దయిన రుమాలు, గోడకి అంటుకుపోయిన కళ్ళజోళ్ళాయన. “ఒరేయ్, ఏం కూశావురా?”

బెంచీ ఎక్కాను. అలవాటైన గొంతు తీశాను. పోయింది అమ్మ కాదు, మదర్ కాదు, మదర్‌బోర్డు, కంప్యూటరు లోపలి బోర్డు, దగ్గింది బోర్డు, పొగ వచ్చింది బోర్డులోంచి, బల్ల కింద ఉన్నది బోర్డు, తూకానికి ఇచ్చేది బోర్డు, స్క్రూలు బోర్డువి అని గదిలో ఒక్కొక్కరికీ విప్పి చెప్పాను. చెవి మందం ఉన్నవాళ్ళకి బల్ల కింద నుంచి ఆ మాడిన పలకని తెచ్చి చేతిలో పెట్టి మరీ చెప్పాను. ముందు టైలరమ్మ నవ్వింది, తర్వాత గది గదంతా, కళ్ళజోళ్ళాయన నవ్వుతూ నవ్వుతూ తన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మా అమ్మ మాత్రం ఆ పలకని అటూ ఇటూ తిప్పి చూసి, “నన్ను తూకానికి ఇస్తే ఎంత వస్తుందిరా?” అంది.

అత్తయ్యగారు ఒక్కరే నవ్వలేదు. మిషను సర్దుకుని, నన్ను కిందికి రమ్మని సైగ చేసి, నొచ్చుకున్నట్టు అన్నారు, “అంత ముఖ్యమైన మాట చెప్పేటప్పుడు కాస్త గట్టిగా చెప్పాలి బాబూ. ఎప్పుడూ నోట్లోనే గొణుక్కుంటారు.”